సోంబరు తుపాకీ ప్రయాణం

తుపాకీ విషయంలో ప్రభుత్వ వైఖరి మొదటినుంచీ స్పష్టంగానే ఉంది: ఇంట్లో ఉంటే అది ఆయుధం, స్టేషనులో ఉంటే శాంతిభద్రత, బండిలో ఉంటే కుట్ర. ఈ మూడో సంగతి కొండ మీది కొర్రగుమ్మి ఊరి సోంబరుకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

సోంబరుది గొట్టంలో మందు కూరి పేల్చే తాతల నాటి తుపాకీ. అడవి పందుల నుంచి చోడి (రాగి) చేను కాపాడుకోవడానికి దానికి లైసెన్సు ఇచ్చారు. అందులోంచి గుండు కంటే పొగే ఎక్కువ వచ్చేది. అయినా పందులు ఆ చప్పుడుకు విలువిచ్చి పక్క కొండకు పోయేవి. ఇంతలో ఎన్నికలొచ్చాయి. లైసెన్సున్న తుపాకులన్నీ శుక్రవారం లోగా కింద స్టేషనులో అప్పగించాలని ఉత్తర్వు వెలువడింది. (లైసెన్సు లేని తుపాకుల ప్రస్తావన ఉత్తర్వులో లేదు, వాటి యజమానుల చిరునామాలు ప్రభుత్వం దగ్గర లేవు.)

గింజ పాలు పట్టే వేళ తుపాకీని పంపించేయాలంటే సోంబరుకు మనసొప్పలేదు. అయినా ఉత్తర్వంటే భయమున్న మనిషి. భార్య సోనిని చేలో కాపలా ఉంచి, తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని రోడ్డు మీదకొచ్చి, కొండబాబు నడిపే సర్వీసు జీపు ఆపాడు.

కొండబాబు ఫోనులో ఎన్నికల కోసం బండ్లవాళ్లకు పోలీసులు పంపిన నిబంధనలున్నాయి. తుపాకీ డ్రైవరు చేతికి అందే దూరంలో ఉండరాదు. ఆ జీపులో డ్రైవరు చేతికి అందనిదంటూ ఏదీ లేదు. సంతరోజుల్లో సగంమంది అతని ఒళ్లోనే కూర్చుంటారు. పోనీ టాపు మీద కడదామంటే, తుపాకీ ఎప్పుడూ లైసెన్సుదారుడి కళ్లెదుటే ఉండాలట. అయితే తానూ టాపెక్కుతానన్నాడు సోంబరు. టాపు మీద మనుషులెక్కడం నేరం. (అప్పటికే అక్కడ కూర్చున్న జనానికి ఇది వర్తించదు, వాళ్ల దగ్గర తుపాకీ లేదు కనక వాళ్లను ఎవరూ చూడరు.)

"నడిసి పోరాదా మావా," అన్నాడు కొండబాబు.

సోంబరు అడవి వైపు చూశాడు.

"తుపాకి బుజానేసుకుని అడివిలో నడిసీవోడ్ని లైసెన్సు అడగరు బాబూ. ముందు కాలుస్తారు. సంచీ తరవాత ఇప్పి సూస్తారు."

కొండబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

చివరికి తుపాకీని ఇంట్లో దించి, దాన్ని బండిలో తెచ్చే అనుమతి కోసం సోంబరు ఒక్కడే ఆ జీపులో కిందికి వెళ్లాడు. అక్కడ ఆయుధ ప్రయాణ అనుమతుల పర్యవేక్షకుడు తవిటినాయుడుగారు కుర్చీ చూపించి మర్యాదగా మాట్లాడారు. అనుమతికి అట్టే ఆలస్యం కాదనీ, తనిఖీ కోసం తుపాకీని ఒకసారి ఆఫీసుకు తెస్తే చాలనీ సెలవిచ్చారు.

"తేడానికే గదా బాబూ అనుమతి," అన్నాడు సోంబరు.

అనుమతి లేకుండా తేవడం నేరమని ఆయన కూడా విచారంగా ఒప్పుకున్నారు. తర్వాత జాలిపడి ఒక ఉపాయం చెప్పారు. గొట్టాన్నీ కర్రనూ విడదీసి వేర్వేరు బండ్లలో పంపితే అది తుపాకీ కాదు. అప్పుడు గొట్టం నీటి పైపు అవుతుంది, దానికి నీటి శాఖ అనుమతి కావాలి. కర్ర అటవీ కలప అవుతుంది, దానికి ఆ శాఖ అనుమతి కావాలి. రెండూ దొరకడం కష్టమేమీ కాదన్నారు. ఎన్నికలయ్యాక.

శుక్రవారం గడిచిపోయింది. మర్నాడు పొద్దున్నే పోలీసు జీపు కొర్రగుమ్మికి వచ్చింది. గడువు దాటినందుకు తుపాకీనీ సోంబరునూ స్వాధీనం చేసుకున్నారు. తుపాకీని డ్రైవరు పక్కన నిలబెట్టి, సోంబరును వెనక కూర్చోబెట్టారు. అది డ్రైవరు చేతికి అందుతోందని సోంబరు వినయంగా గుర్తుచేశాడు. నోరు మూసుకోమని కానిస్టేబులు అంతకంటే క్లుప్తంగా చెప్పాడు. జీపు మలుపు తిరిగేదాకా చేలో సోని రేకు డబ్బా వాయిస్తూనే ఉంది. కనపడనంత దూరం పోయాక కూడా ఆ చప్పుడు సోంబరుకు వినపడింది.

స్టేషనులో రైటరు కేసు రాయడం మొదలుపెట్టాడు. తుపాకీ ఇక్కడికి ఎలా వచ్చింది? వాహనంలో. ప్రయాణ అనుమతి ఉందా? లేదు. తుపాకీ ఎవరిది? సోంబరుది. అతను ఆ వాహనంలో ఉన్నాడా? ఉన్నాడు. దాంతో ఆలస్యపు కేసు చిన్నదైపోయి, అక్రమ రవాణా కేసు పెద్దదైంది.

మధ్యాహ్నానికి సోని నడిచి వచ్చింది. చేను సగం పోయిందని మొగుడికి మెల్లిగా చెప్పి, ఎస్సై ముందు నిలబడింది.

"మావోడు జీపెక్కనేదు బాబూ. మీరే ఎక్కించినారు."

ఎస్సై మంచివాడు, విన్నాడు. ఎక్కించేటప్పుడు నిందితుడు ఎదురుతిరగలేదని, అంటే ఇష్టపడే ఎక్కాడని రైటరు చేత అదనంగా రాయించాడు. ఎదురుతిరిగి ఉంటే ఇంతకంటే పెద్ద సెక్షను ఉందనీ, ఆ లెక్కన సోంబరు అదృష్టవంతుడనీ సోనికి ఓపికగా నచ్చజెప్పి పంపించాడు.