చేతులు కదపరాదు

వినపడని పిల్లల చదువు గురించి వినపడే పెద్దలు ఇంత ఎత్తున కూర్చుని ఆలోచించిన సందర్భం మానవజాతి చరిత్రలో ఇంకొకటి లేదని ముందుగా మనవి చేస్తున్నాను. ఎత్తు అంటే పదిహేడో అంతస్తు. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే మూల మీద నిలబడి తల పూర్తిగా వెనక్కి వంచితే, మెడ పట్టేసే సమయానికి ఒక అద్దాల అంతస్తు కనపడుతుంది. సమగ్ర బధిర విద్యా బోధక శిక్షణ సంస్థ అదే. డిగ్రీ అయినవాళ్లను రెండేళ్లపాటు తీర్చిదిద్ది, బధిర పిల్లల బడులకు టీచర్లుగా పంపడం దాని పని.

సంస్థలో అడుగుపెట్టినవారికి టోకెన్ ఇస్తారు. తరువాత నంబరు పిలుస్తారు. (నోటితోనే. నంబరు చూపించే తెర ఒకటి ఉంది గాని, దుమ్ము పడుతుందని దాని మీద దుప్పటి కప్పారు.) బధిరుల కోసం ప్రత్యేక సహాయ కేంద్రం కూడా ఉంది. దానికి ఫోన్ చేసి, బీప్ శబ్దం విన్న తరువాత మాట్లాడాలి. గత ఏడాది ఆ నంబరుకు ఒక్క బధిరుడి నుంచి కూడా ఫిర్యాదు రాలేదని, కాబట్టి బధిరులు పూర్తి సంతృప్తితో ఉన్నారని సంస్థ వార్షిక నివేదికలో రాసుకున్నారు. నేను చదివాను. మంచి కాగితం మీద అచ్చు వేశారు.

నాకు ఆ సంస్థతో ఏం పని అని మీరడగవచ్చు. కొత్తగూడలో మా పక్క వాటాలో సత్తెమ్మ ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. పుట్టుకతోనే వినపడదు. మా ఇంటావిడకూ ఆమెకూ మధ్య ఇరవై ఏళ్లుగా రాయబారం నడిపి నేను నేర్చుకున్న సైగలు మూడు: 'అయ్యిందా', 'రేపు', 'చాయ్ తాగుతారా'. వీటిలో 'రేపు' ఎక్కువగా సత్తెమ్మ వాడేది. ఆమె కూతురు కృష్ణప్రియకు వినపడుతుంది, మాటలూ వచ్చు, కాని మాటలకంటే ముందు వచ్చినవి సైగలు. తల్లీకూతుళ్లు తగువు పడేటప్పుడు చూడాలి. విషయం ఏమిటో మనకు తెలియదు గాని, ఎవరిది పైచెయ్యో మాత్రం వీధిలోకి తెలిసిపోతుంది.

సత్తెమ్మ చిన్నప్పుడు మూడేళ్లు బడికి వెళ్లింది. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పేది. ఈ పిల్ల వెనక కూర్చుని టీచరమ్మ జడ చూసేది. మూడేళ్లకు ఆ జడ ఎలా అల్లారో వచ్చింది, తన పేరు రాయడం మాత్రం రాలేదు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోను. కృష్ణప్రియకు కోపం కంటే పట్టుదల ఎక్కువ. తెల్లాపూర్ అవతల బధిర పిల్లల బడి ఒకటి ఉంటే, డిగ్రీ చదివే రోజుల నుంచే వారానికి రెండు రోజులు వెళ్లి, ఎవరూ అడగకుండానే పాఠాలు చెప్పి వచ్చేది. అక్కడ ముప్పై రెండు మంది పిల్లలు. సైగలు తెలిసిన టీచరు లేరు.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ జయమ్మ ఒకటే మాట అంది. "గా రెండేండ్ల కోర్సు పాసయ్యి రా బిడ్డా. రెండేండ్లయినంక వచ్చే జూన్ దాంక కుర్సీ ఎవ్వలికియ్య. జూన్ దాటిందంటె పైనోళ్లు ఎవరిని పంపితె వాళ్లనే తీసుకోవాలె. ఇగ నా చేతుల ఉండది."

కృష్ణప్రియ కోర్సులో చేరింది. మొదటి ఏడాదంతా చెవి. బయటి చెవి, మధ్య చెవి, లోపలి చెవి. ప్లాస్టర్‌తో చేసిన పెద్ద చెవి ఒకటి తరగతి మధ్యలో ఉండేది. దాని చుట్టూ తిరిగి గుడిలో లాగా నమస్కారం పెట్టడం ఒక్కటే తక్కువ. సైగల భాష రెండో ఏడాది వచ్చింది. అధ్యాపకుడి ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో స్లైడ్లు మార్చే రిమోట్ ఉండటం వల్ల సైగలకు చేతులు మిగల్లేదు. బోధనాభ్యాసానికి అంత దూరం బడికి వెళ్లడం కష్టమని, సగం మంది విద్యార్థులు చెవుల్లో దూది పెట్టుకుని బధిర పిల్లలుగా కూర్చునే పద్ధతి ప్రవేశపెట్టారు. (పేరు పిలిచినప్పుడు పలకలేదని వారిలో ఇద్దరికి ఆబ్సెంట్ పడింది.)

చివరికి సైగల భాష ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. నూరు మార్కులు. మన ఐటీ కారిడార్‌లో కంప్యూటర్ లేకుండా పరీక్ష పెట్టడం అనాగరికం కాబట్టి, నలభై ఏడు మందినీ ఒక పరీక్షా కేంద్రంలో తెరల ముందు కూర్చోబెట్టారు. ప్రతి తెర మీదా ఒక కెమెరా, కెమెరా వెనక 'అప్రమత్త' అనే సాఫ్ట్‌వేర్. ఏదో ఉద్యోగ పరీక్ష కోసం తయారైన నిబంధనలను అక్షరం మార్చకుండా తెచ్చుకున్నారు. వాటిలో ఏడోది: "అభ్యర్థి చేతులు కదపరాదు. బల్ల ఎత్తు దాటి చేతులు లేపుట, వేళ్లతో సంజ్ఞలు చేయుట తీవ్రమైన మాల్‌ప్రాక్టీస్‌గా పరిగణించబడును."

మొదటి ప్రశ్న: "'మీ పేరేమిటి? ఈ రోజు మనం లెక్కలు నేర్చుకుందాం' అను వాక్యములను సైగలలో ప్రదర్శించుము. ప్రదర్శించిన పిదప 'ప్రదర్శించితిని' అను గడిని నొక్కుము."

కృష్ణప్రియ చేతులు లేపింది. తెర బీప్‌మంది. పక్కవాళ్లదేమో అనుకుని రెండో వాక్యం మొదలుపెట్టింది. మళ్లీ బీప్. 'లెక్కలు' దగ్గర తెర ఎర్రబడి, పరీక్ష ముగిసింది. మొత్తం నలభై ఒక్క సెకన్లు. మిగిలిన నలభై ఆరుగురూ పెద్దమనుషుల్లా కూర్చుని గడులు నొక్కి, అందరూ పాసయ్యారు.

నూటికి నూరు తెచ్చుకుని మొదటి ర్యాంకు కొట్టినవాడు అనంతపురం వైపు నుంచి వచ్చిన చైతన్య. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, ఇంట్లో ఊరికే కూర్చున్నాడని ఎవరూ అనకూడదని ఈ కోర్సులో చేరాడు. మంచివాడు. ఫలితాలు వచ్చిన మర్నాడు కృష్ణప్రియ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆమె లేకపోతే మా గడపలో నిలబడ్డాడు.

"నాకొక్క సైగ గూడా రాదు సార్," అన్నాడు. "ఆ ఏసీ చలికి ఒక చెయ్యి తొడ కింద పెట్టుకోని, ఇంకో చేత్తో మౌస్ నొక్కుకుంటా కూచున్న్యా. దానికే ఫస్టొచ్చె. ఆయమ్మికి ఏం మొగం చూపించేది నేను?"

నేను 'చాయ్ తాగుతారా' అని అలవాటు కొద్దీ సైగ చేశాను. అతనికి అర్థం కాలేదు.

వారం తిరక్కుండా విచారణకు పిలుపు వచ్చింది. నేరం రుజువైతే మూడేళ్ల నిషేధం. అభ్యర్థి వెంట స్థానికుడైన ఒక పెద్దమనిషి రావాలన్నారు. అంతకంటే మంచివాడు దొరకనందువల్ల నేను వెళ్లాను. పరీక్షల నియంత్రణాధికారి వెంకటనారాయణగారు మర్యాదస్తుడు. మాకు నీళ్లిప్పించి, ఫైలు తెరిచారు.

"అమ్మా, మీరు పరీక్ష హాలులో చేతులు కదిపారా, లేదా?"

"కదిపిన సార్. సైగల పరీక్ష గద."

"ఏ పరీక్ష అన్నది తరువాతి సంగతి. కదిపారు. అంతేనా?"

"చేతులు కదపకుండ సైగలెట్ల చేస్తరు సార్?"

వెంకటనారాయణగారు ఆ ప్రశ్నను శ్రద్ధగా రాసుకున్నారు. "మంచి ప్రశ్న. సిలబస్ సవరణ కమిటీకి పంపిస్తాను."

'అప్రమత్త' కంపెనీ తరఫున సాయిచంద్ అనే కుర్ర ఇంజినీరు లాప్‌టాప్‌తో వచ్చాడు. "సిస్టమ్‌లో ప్రాబ్లమ్ ఏం లేదు సార్. అవి సైగలే అని తొంభై ఎనిమిది పర్సెంట్ కాన్ఫిడెన్స్‌తో డిటెక్ట్ చేసింది. ఇంత క్లియర్‌గ సైగలు చేసినోళ్లు మా డేటాలనే లేరు."

"అంటె నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చినట్టే గద?" అంది కృష్ణప్రియ.

"అవి మార్కులు కావు మేడం, ఎవిడెన్స్," అన్నాడు సాయిచంద్.

ఇక ఆమె సైగలతో ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో తేలాలి. వీడియో వేశారు. గదిలో ఆరుగురు అధికారులు కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. సైగల భాష అధ్యాపకుణ్ణి పిలిపిస్తే, తనది థియరీ అని చెప్పి వెళ్లిపోయాడు. సంస్థలో ఆ భాష తెలిసినవారు ఒక్కరూ లేరని సాయంత్రానికి తేలింది. నాకు మూడు సైగలు వచ్చని నోరుజారాను. అది సంస్థ మొత్తానికి వచ్చినదానికంటే మూడు ఎక్కువ కావడంతో, వెంకటనారాయణగారు నన్ను గౌరవ అతిథి అధ్యాపకుడిగా ఉండమని అక్కడికక్కడే అడిగారు. వీడియోలో 'చాయ్' లేదు, 'రేపు' లేదు, 'అయ్యిందా' అంతకన్నా లేదు. ఆ మాటే చెప్పాను, మినిట్స్‌లో రాసుకున్నారు.

మర్నాడు సాక్షిగా సత్తెమ్మను పిలిపించారు. మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. కూతురి వీడియోను రెండుసార్లు వేయించుకుని చూసింది. రెండోసారి 'లెక్కలు' దగ్గర ముఖం చిట్లించింది. తరువాత అధికారుల వైపు తిరిగి చేతులతో చాలాసేపు చెప్పింది. గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నేను చెప్త సార్ అమ్మ ఏమన్నదో," అంది కృష్ణప్రియ.

"మీరు నిందితురాలమ్మా. మీరు అనువదిస్తే చెల్లదు. ఆమెనే రాతపూర్వకంగా ఇవ్వమనండి."

సత్తెమ్మ ముందు తెల్లకాగితం, పెన్ను పెట్టారు. ఆమె పెన్నును తీసుకోలేదు. కాగితం అంచును మడతపెట్టి గోటితో సాపు చేస్తూ కూర్చుంది.

"మా అమ్మకు రాయరాదు సార్," అంది కృష్ణప్రియ. "మూడేండ్లు బడికి పోయింది. ఆమెకు సమజయ్యేటట్టు చెప్పే టీచర్ దొరకలే."

వెంకటనారాయణగారి కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. "అందుకే కదమ్మా మేము ఈ సంస్థ పెట్టింది," అన్నారు.

తీర్పు ఇచ్చారు: మూడేళ్ల నిషేధం. (విచారణ గదిలో ఉన్న కెమెరా సత్తెమ్మ మీద కూడా ఏడో నిబంధన కింద కేసు నమోదు చేసింది. ఆమె అభ్యర్థి కాదు కాబట్టి హెచ్చరించి వదిలేశారు. హెచ్చరిక ఫోన్‌లో ఇచ్చారు.)

తిరుగు దారిలో షేర్ ఆటో ఎక్కాం. అమ్మ అంతసేపు ఏం చెప్పిందని కృష్ణప్రియను అడిగాను.

"'లెక్కలు' జర జల్దీ చేసినవ్, చిన్న పిల్లలకు అందది, మెల్లగ చెయ్యాలె అన్నది. మిగిలింది మంచిగున్నదట."

రెండేళ్లలో ఆ పిల్ల పరీక్షను దిద్దిన మనిషి ఆమె ఒక్కతే.

జూన్ దాటింది. తెల్లాపూర్ బడికి టీచరుగా పైవాళ్లు చైతన్యను పంపారు. అతను రాజీనామా ఇస్తానన్నాడు. మొదటి ర్యాంకు వచ్చినవాడు మూడేళ్లు పనిచేసి తీరాలని బాండ్ ఉంది, కుదరదన్నారు. జయమ్మ తల పట్టుకుని, తరువాత వదిలేసి, రిజిస్టర్లు వెతికింది. ఆయా పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. దానికి చదువు అవసరం లేదు, నిషేధాలు వర్తించవు. కృష్ణప్రియ ఆ పోస్టులో చేరింది.

అప్పటి నుంచి చైతన్య సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడతాడు. చీపురును గోడకు ఆనించి కృష్ణప్రియ పాఠం చెబుతుంది. పిల్లలు కూడికల నుంచి తీసివేతలకు వచ్చారు. చైతన్య కూడా నేర్చుకుంటున్నాడు. పద్నాలుగు సైగలు వచ్చాయని మొన్న మా గడపలో నిలబడి చేసి చూపించాడు, అందులో మూడు నాకు అర్థమయ్యాయి. వీడియోలో చూసి ఉన్నాను కాబట్టి 'లెక్కలు' కూడా పోల్చుకున్నాను, దాన్ని మాత్రం చాలా మెల్లగా చేశాడు.

ఆగస్టులో, శిక్షణ ఫలితాలను కొలవాలని సంస్థవారు ఆ తరగతి గదిలోనూ 'అప్రమత్త' కెమెరా బిగించారు. మొదటి నెల నివేదిక వచ్చింది. చైతన్య చేతులు పని వేళల్లో ఒక్కసారి కూడా బల్ల ఎత్తు దాటలేదని, ఆదర్శ ఉపాధ్యాయుడిగా సిఫారసు చేస్తున్నామని రాశారు. (పద్నాలుగు సైగలూ సాయంత్రం బడి విడిచాక నేర్చుకున్నవి.) ఆయా కృష్ణప్రియ ప్రవర్తన మీద నిఘా పెంచాలన్నారు. ఇక విద్యార్థులు ముప్పై రెండు మందీ రోజంతా ఒకరికొకరు సంజ్ఞలు చేసుకుంటున్నారని, ఇంత పెద్ద ఎత్తున వ్యవస్థీకృత మాల్‌ప్రాక్టీస్ సంస్థ చరిత్రలో ఇదే మొదటిదని తేల్చి, ముప్పై రెండు మెమోలు జారీ చేశారు. నేరస్థుల్లో అందరికంటే చిన్నదానికి ఆరేళ్లు.

మెమో అందుకున్నవారికి దాన్ని వారి సొంత భాషలో వివరించి చెప్పాలని నిబంధన ఉంది. ఆ భాష తెలిసినవారు సంస్థలో లేరు కాబట్టి, ఆ పనిని ఆయా కృష్ణప్రియకు అప్పగిస్తూ వెంకటనారాయణగారు ఉత్తర్వు పంపారు. సంతకం కింద ఒక షరతు ఉంది: వివరించేటప్పుడు చేతులు కదపరాదు.