రాగి తూటాకు మడి

అడవిపందుల నివారణ కార్యాలయం కొత్తగా తెప్పించిన రాగి తూటాలకు మడి పట్టింపు ఉందన్న సంగతి, వరసగా మూడు తూటాలు గురిబోర్డును తప్పిపోయాక గానీ షూటర్ ఏసురత్నానికి తెలియలేదు. సీసం గుండ్లు తగిలిన పంది మాంసం తిని రాబందులు చచ్చిపోతున్నాయని సీసాన్ని మాన్పించారు. అంతవరకు మంచిదే. కొండ అంచు పల్లెల్లో వేరుశనగ చేలను తవ్వేసే పందులను కొట్టడానికి పద్దెనిమిదేళ్ళుగా లైసెన్సు ఉన్నది అతనొక్కడికే. ఊళ్ళో అతన్ని ‘గురి ఏసురత్నం’ అంటారు.

రాగి తూటా సూటిగా పోవాలంటే ఏం చేయాలో వాటితో వచ్చిన సర్క్యులర్‌లో వివరంగానే ఉంది. సీసం నడిచిన దారిన రాగి నడవదు కనుక తుపాకీ గొట్టాన్ని పూర్తిగా శుద్ధి చేయాలి. లోపలి గాడులను తాకకుండా తూటాను రవ్వంత ఎడంగా కూర్చోబెట్టాలి. ఏసురత్నం నాలుగు రోజులు గొట్టం తోమాడు. చివరికి భార్య మార్తమ్మ రాగి చెంబులు తోమే చింతపండు కూడా ఇచ్చింది. ఎడం కూడా సరిగ్గానే కొలిచాడు. తూటా మాత్రం బారెడు పక్కకు పోయి తుమ్మచెట్టుకు తగిలింది.

అధికారి సుదర్శనం గారు సర్క్యులర్ చివరి పేజీ తీసి చూపించారు. ‘తూటాను ముట్టుకునే వ్యక్తి కుటుంబ వివరాలు’ అని ఉంది.

“కులం కాదయ్యా, బాలిస్టిక్స్,” అన్నారాయన నొచ్చుకుంటూ. “మన ఆఫీసులో అట్లాంటివి లేవు. లోహం గుణం అది. మనమేం చేస్తాం?”

“పద్దెనిమిదేండ్లు సీసం నన్ను ఏ కులపోడివని అడగలేదు సార్,” అన్నాడు ఏసురత్నం.

“అందుకే దాన్ని తీసేసినాం.”

ఇంకొక్క గుండు తప్పితే లైసెన్సు రద్దు. తుపాకీ పోతే ఊరు పెట్టిన ఆ పేరూ పోతుంది. ఆఫీసు చెప్పిన సర్దుబాటుకు ఏసురత్నం సరేనన్నాడు.

దాని ప్రకారం హెడ్ క్లర్కు అవధాని గారు తూటా పెట్టి, తుపాకీ పట్టి, ట్రిగ్గర్ నొక్కాలి. ఆయనకు దూరం చూపు ఆనదు, చప్పుడంటే భయం. ఏసురత్నం ఏడడుగుల అవతల నిలబడి గురి చెప్పాలి.

ఆ సాయంత్రం ఓబులమ్మ చేలో పంది కనబడింది. “రవ్వంత ఎడమకు సార్... ఇంకా కిందికి... ఊపిరి బిగబట్టండి... ఇప్పుడు!” అన్నాడు ఏసురత్నం. ఒక్క దెబ్బకే పంది పడిపోయింది. తూటా భుజం వెనక, తగలాల్సిన చోటే తగిలింది. సుదర్శనం గారు అవధాని గారి చేయి పట్టుకుని ఊపి, “అబ్బ, ఏం గురి!” అన్నారు.

“నాకేమీ కనబడలేదండీ,” అన్నారు అవధాని గారు చెవుల్లోని దూది తీసుకుంటూ. రిజిస్టరులో షూటర్ కింద ఆయన పేరు రాశారు. ఏసురత్నం పేరు సహాయకుల కింద రాశారు.

వాడిన తూటాను తీసి కార్యాలయానికి అప్పగించాలన్నది నియమం. అందరూ ఏసురత్నం వైపు చూశారు.

“ఇప్పుడు నేను ముట్టుకుంటే దీనికేం కాదా సార్?”

సుదర్శనం గారు సర్క్యులర్ మొదటినుంచీ మళ్ళీ చదివారు. పని అయిపోయాక రాగికి అభ్యంతరం ఉన్నట్టు ఎక్కడా లేదు.

ఏసురత్నం గాయంలో చేయి పెట్టి తూటాను బయటికి లాగాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. కడిగి కవరులో వేశాడు. పంది కాళ్ళకు తాడు కట్టి, రోడ్డు దాకా ఒక్కడే ఈడ్చుకెళ్ళాడు. దారి పొడవునా ఎవరికీ ఏ సాంకేతిక సమస్యా రాలేదు.