చూడిపెయ్య ఉన్న ఇల్లు

అనకాపల్లికి నాలుగు మైళ్ళలో ఉన్న ఊళ్ళో, శాంతమ్మగారింట ఆ ఏడు ఇద్దరికి తొలిచూలు నిలిచింది. ఒకరు ఎర్ర జెర్సీ పెయ్య. రెండోవారు కోడలు సుజి. ఇద్దరికీ ఏడో నెలే.

పశువుల డాక్టరు త్రినాధరావుగారు స్వయంగా ఇంటికి వేంచేసి, ఈనేలోపు పెయ్యకు రోజూ రెండు కిలోల దాణా పెట్టాలని, మరీ కొవ్వెక్కిస్తే ఈనడం కష్టమని కాగితం రాసిచ్చారు. శాంతమ్మ దాన్ని గోడకు అంటించింది. కోడలి గురించి ఎవరూ కాగితం రాయలేదు గనక తనకు తెలిసిన పద్ధతే పాటించింది.

"ఒలే సుజీ, సగం కడుపే తినాల. బిడ్డ పెద్దదైపోతే కాన్పు కట్టం. నీ మొగుణ్ణి నాను గంజి తాగే కన్నాను."

ఆ మొగుడు ఇమ్మాన్యుయేల్ చీకటితోనే పరవాడ కంపెనీ బస్సెక్కేస్తాడు. ఇంత పెద్ద విషయాల్లో అతనికి జోక్యం లేదు.

చిన్నమ్మలు అనే ఆసుపత్రి నర్సమ్మ సుజి కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. ఇలాగైతే కాన్పు గండమే" అంది. శాంతమ్మ ఎంతో కలతపడి ఆదివారం ప్రార్థన పెట్టించింది. పాస్టరుగారు ముందు పెయ్య కోసం, తర్వాత సుజి కోసం ప్రార్థించారు. ఆయన తప్పేం లేదు. ఇంటివాళ్ళు చెప్పిన వరస అది.

పెయ్య దగ్గర శాంతమ్మది పెద్ద చెయ్యి. డాక్టరు రెండు కిలోలన్నారు గనక మూడు పెట్టించేది. ఉడికించిన ఉలవలు, వేరుశనగ చెక్క, పైన బెల్లం. వండి, బకెట్టు మోసుకెళ్ళి పెట్టడం సుజి పని. మొదటిరోజు ఉలవలు ఉడికాయో లేదోనని ఒక గుప్పెడు నోట్లో వేసుకుంది. రెండోరోజు బెల్లం మంచిదో కాదో చూసింది. వారం తిరిగేసరికి ఈ తనిఖీకి పళ్ళెం అవసరమైంది. పెయ్య పెద్ద కళ్ళేసుకుని చూసేది గానీ, ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత డాక్టరు పెయ్య డొక్కలు తడిమి మురిసిపోయారు. "కొవ్వూ లేదు, నీరసమూ లేదు. ఇంత కొలతగా మేపినవారిని నా సర్వీసులో చూడలేదమ్మా!" అదే వారం నర్సమ్మ సుజిని చూసి, "రక్తం పట్టిందే! ఏటి పెట్టేవు శాంతమ్మా?" అంది.

"నానేటి పెట్టేను! పెయ్యకి పెట్టేను, అంతే" అంది శాంతమ్మ నిజాయితీగా.

పెయ్య సుఖంగా ఈనింది. సుజి సుఖంగా కంది. ఊరంతా ఆలోచించి, ఇదంతా చూడిపెయ్య ఇంట ఉన్న మహిమేనని తేల్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న సుజి అసలు సంగతి చెప్పేద్దామనే నోరు తెరిచింది. అప్పుడే గుమ్మంలో పక్కింటి పైడిరాజు తల్లి, ఆమె వెనక అయిదో నెల కడుపుతో, గోడ పట్టుకుని కోడలు నూకరత్నం కనిపించారు.

"పెయ్య మహిమేనమ్మా" అంది సుజి. "బకెట్టు మాత్రం కడుపుతో ఉన్నదే మొయ్యాల. ఇంకోళ్ళు ముట్టకూడదు."

ఇప్పుడా ఊళ్ళో నెల తప్పిన కోడలున్న ప్రతి ఇంటివారూ చూడిపెయ్య కొంటున్నారు. పాడి అభివృద్ధికి అధికారులు ఊరిని మెచ్చుకున్నారు. పెయ్య దొరకనివాళ్ళు సంతల్లో తిరుగుతున్నారు. అది దొరికేదాకా, పాపం, కోడలికి ఏం చెయ్యాలో వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది?