సాన్ రెగ్రె రాజకోట, నిమ్మరసం ఒక గ్లాసు

రాజు లేని దేశమైనా ఉండవచ్చు గాని, రాజుగారి కోట లేని దేశం ఉండడానికి వీల్లేదు. బ్రిటిషు సామ్రాజ్యం తన చివరి రోజుల్లో పెట్టే బేడా సర్దుకుంటూ కూడా ఈ సత్యాన్ని మరచిపోలేదు. వలస దేశాలన్నిటికీ ఒకే అచ్చులో వచ్చిన విమానాశ్రయ నిబంధనల్లో పద్నాలుగోది ఇలా ఉంది: విమానం కోసం ఎనిమిది గంటలకు మించి ఆగిపోయిన ప్రయాణికుడికి ఆ దేశంలోని చారిత్రక రాజకోటను చూపించి తీరవలెను. చూడనని మొరాయించే హక్కు ప్రయాణికుడికి లేదు. మా దగ్గర కోట లేదని చెప్పుకునే హక్కు దేశానికీ లేదు.

మారిషస్‌లో కోట లేదు. ఇక్కడ రాజంటూ ఉంటే కదా కోట ఉండడానికి! డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు ఏలికలు వరసగా ఈ దీవిని ఏలారు గాని, అందరూ ఎవరింట్లో వాళ్లు కూర్చునే ఏలారు. (చెరకు నరకడానికి మాత్రం మనుషుల్ని పంపించారు. అది వేరే సంగతి.)

అయినా రూలు రూలే. ప్లెజాన్స్ విమానాశ్రయంలో 'నిలిచిపోయిన ప్రయాణికుల మర్యాద విభాగం' అని ఒకటి వెలిసింది. దాని అధికారి మొస్యే రోజర్ పదకొండు నెలలు దీవంతా జల్లెడ పట్టి, చివరికి బాన్ అక్యూయ్ దగ్గర సాన్ రెగ్రె అనే చెరకు ఎస్టేటులో దొరగారి పాత బంగళాను పట్టుకున్నాడు. పూర్వం ఎప్పుడో ఒక రాకుమారుడు ఆ దారిన పోతుంటే బండి చక్రం విరిగిందట. అది బాగయ్యేదాకా ఇరవై నిమిషాలు ఆ వసారాలో కూర్చుని నిమ్మరసం తాగాడట. ఆ కుర్చీ ఇంకా ఉంది. కుర్చీ చుట్టూ తాడు కట్టారు. రాచబిడ్డ కూర్చున్నాడు కనక అది రాజ, గోడలు రాతివి కనక అది కోట. బురుజు ఉందా అని ఫారంలో ఒక గడి ఉండడంతో, మూతపడిన చక్కెర మిల్లు పొగగొట్టాన్ని బురుజుగా నమోదు చేశారు.

ఈ భాగోతమంతా ఎంకన్నకు ముందే తెలుసు. ఎందుకంటే అతని భార్య సావిత్రి ఆ కోటలోనే బట్టలు ఉతుకుతుంది.

ఎంకన్నది బాన్ అక్యూయ్. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి కూలికి వచ్చినవాడు. ఎంకన్న సాయంత్రాలు గుడి పక్కన రేకుల షెడ్డులో పిల్లలకు తెలుగు చెప్తాడు. చెప్తాడనే గాని, అతనికి వచ్చినది అక్షరాలూ, శనివారం దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనలూ. ఆ పాటలు ఊళ్లో అందరికీ నోటికి వచ్చు. అర్థం ఎవరికీ రాదు. మాస్టారికీ రాదు. ఒకరోజు ఒక చిన్నపిల్ల లేచి, ఈ మాటని మన క్రెయోల్ భాషలో ఏమంటారు గురూజీ అని అడిగింది. అది దేవుడికి తెలుసులే అమ్మా అని తప్పించుకున్నాడు గాని, ఆ రోజు అన్నం సహించలేదు. అందుకే ఆంధ్రదేశంలో రెండేళ్లు ఉండి తెలుగు చదువుకునే అవకాశం ఒకటి ఉందని తెలియగానే దరఖాస్తు పెట్టాడు.

ఆ దరఖాస్తులో 'పెళ్లయినదా?' అని ఒక గడి ఉంది. బాదరబందీ లేనివాళ్ల వైపే మొగ్గుతారని ఎవరో పుణ్యాత్ముడు చెవిలో ఊదాడు. ఎంకన్న 'అవివాహితుడు' అని రాసి సంతకం పెట్టాడు. ఉత్త కాగితమే కదా, నిజం ఇంట్లో భద్రంగానే ఉంది కదా అనుకున్నాడు పెద్దమనిషి. చదువు మంజూరైంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆ కాగితం కార్బన్ నకలును చొక్కా జేబులో మరచిపోయాడు. ఉతికేముందు నలుగురి జేబులూ తడిమి చూడడమే తన భార్య వృత్తి అన్న సంగతి కూడా మరచిపోయాడు. సావిత్రికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ ఒక్క ముక్క చదవడానికి అది చాలింది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. మాట్లాడడం మానేసింది. ఆరేళ్ల కాపురంలో మూడు రోజుల మౌనం అంటే ఏమిటో పెళ్లయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. (అవివాహితులకు చెప్పినా అర్థం కాదు.)

ప్రయాణం రోజు వచ్చింది. మనవాళ్లలో ఎంత చదువుకున్నవాడైనా, గడప దాటేటప్పుడు ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రానిదే అడుగు ముందుకు వెయ్యడు. ఎంకన్న సంచి పట్టుకుని గడపలో పావుగంట నిలబడ్డాడు. సావిత్రి పెరట్లోంచి కదల్లేదు. గుడి పూజారి నాగయ్య బాబాయి వచ్చి, ఆగరా, ఎదురు లేకుండా వెళ్లకు అన్నాడు. ఎంకన్నకు పౌరుషం వచ్చి బయల్దేరాడు. వీధి మొగలో ఎరువుల లారీ ఒకటి ఎదురొచ్చింది.

ఇంకేముంది, విమానం చెడిపోయింది. అప్పటికే అతని పాస్‌పోర్టు మీద బయటికి వెళ్లినట్టు ముద్ర పడింది. మరమ్మతుకు పదకొండు గంటలు పడుతుందన్నారు. ఎంకన్న మొస్యే రోజర్ దగ్గరికి వెళ్లి, మా ఇల్లు గంట దూరమేనండీ, ఒక్కసారి వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు.

"కుదరదు. మీరు ఈ దేశం వదిలి నలభై నిమిషాలైంది" అన్నాడు రోజర్.

"నేను మీ ఎదురుగానే ఉన్నాను కదండీ."

"నిలిచిపోయిన ప్రయాణికుడిగా ఉన్నారు. స్వాగతం."

తరవాత కోటను చూసేవాళ్లు పాటించవలసిన నియమాలు చదివి వినిపించాడు. ప్రయాణికులు స్థానికులతో మాట్లాడరాదు. స్థానికులు ప్రయాణికులతో మూడే వాక్యాలు మాట్లాడవచ్చు: 'మీకు స్వాగతం', 'ఇది నిమ్మరసం', 'ఆ కుర్చీలో కూర్చోకండి'. కుర్చీకి ప్రమాదం కలిగినప్పుడు మాత్రం స్థానికులు అవసరమైనంత మాట్లాడవచ్చు. ప్రయాణికుడు గైడుకు తెలియని సంగతులు చెప్పరాదు. కోట పేరు వినగానే ఎంకన్న ఇంటికి పంపమని బతిమాలడం మానేసి, సంచి అందుకున్నాడు. రెండేళ్లు ఎడబాటు. దానికి ముందు సావిత్రితో ఒక్క మంచి మాట, ఆమె చేత ఒక్క ఎదురు, అంతకు మించి అతనికి ఏమీ అక్కర్లేదు.

బస్సులో అతనితోపాటు ఒక గొర్రెల డాక్టరూ, ఒక నర్సూ ఎక్కారు. గైడు మద్మజెల్ జీనెట్. సాంత్ర్ ద ఫ్లాక్ మార్కెట్ దాటి బస్సు ఎంకన్న సొంత వీధిలోకి తిరిగింది. జీనెట్ గుడిని చూపించి, ఇది స్థానికుల దేవాలయం, స్థానికులు తృప్తిగా ఉంటారు అని చెప్పింది. గుడి మెట్ల మీద నాగయ్య బాబాయి, అప్పుడే రెండేళ్లు అయిపోయాయా అన్నట్టు నోరు తెరిచి, చెయ్యి ఎత్తాడు. ఎంకన్నా ఎత్తాడు. స్థానికులు ఎంత కలుపుగోలు మనుషులో చూడండని జీనెట్ అంది.

కోట వసారాలో సావిత్రి ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఎవరైనా ప్రయాణికులు దిగితే, చాకిరేవు వదిలి నిమ్మరసం ఇవ్వడం కూడా ఆమె పనే. ఎంకన్నను చూసి ట్రే ముందుకు చాచింది.

"మీకు స్వాగతం" అంది. "ఇది నిమ్మరసం. ఆ కుర్చీలో కూర్చోకండి."

ఆరేళ్లలో ఆమె అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. ఎంకన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిమ్మరసం బాగా పుల్లగా ఉన్నట్టుందని నర్సు జాలిపడింది.

సాయంత్రం విమానం ఎక్కేముందు అందరికీ ఒక ఫారం ఇచ్చారు. అందులో ఏడో ప్రశ్న: 'ఈ దేశంలో మీకు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?' గొర్రెల డాక్టరు లేరని రాశాడు. నర్సు లేరని రాసింది. ఎంకన్న కలం తీశాడు. ఒకసారి కాగితం మీద భార్యను కొట్టేసినందుకు పడిన శిక్ష చాలదూ? 'ఉన్నారు. నా భార్య సావిత్రి. నిమ్మరసం ఇచ్చినది ఆమే' అని రాశాడు.

ఆ కాగితం చదివి రోజర్ కుర్చీలోంచి లేచాడు. ఈ మనిషి జనవరిలో అవివాహితుడు. ప్రయాణ పత్రాలతో జతచేసిన, ప్రభుత్వ ముద్ర ఉన్న దరఖాస్తే అందుకు సాక్ష్యం. మార్చి ఒకటో తారీఖు సాయంత్రానికి భార్య ఉంది. మధ్యలో అతను ఎక్కడికి వెళ్లాడు? రాజకోటకు. కాబట్టి ఆ పెళ్లి కోటలోనే, సందర్శన సమయంలోనే, విభాగం బాధ్యతలో ఉండగానే జరిగింది. విచారణకు ఆదేశించాడు. పెళ్లి ఎవరు చేయించారు? కుర్చీని వాడారా? విందులో నిమ్మరసం తలా ఒక గ్లాసుకు మించిందా? విమానం ఎంకన్న లేకుండా వెళ్లిపోయింది.

విచారణ తేలేదాకా అతను లోపలికీ బయటికీ కాకుండా విమానాశ్రయం బెంచీ మీదే ఉండాలి. ఉన్నాడు. ఎనిమిది గంటలు దాటాయి. పద్నాలుగో నిబంధన మళ్లీ నిద్ర లేచింది. మర్నాడు పొద్దున్నే జీనెట్ బస్సు తెచ్చింది.

ఆ విధంగా ఎంకన్న వరసగా పది రోజులు రాజకోటను దర్శించాడు. రోజూ అదే గుడి, అదే తృప్తి, అదే బురుజు. రోజూ సావిత్రి అవే మూడు వాక్యాలు. కాని ఎంకన్న ఫారంలో భార్య పేరు రాసిన సంగతి ఊరంతా పొక్కింది కదా, రెండో రోజు నుంచి నిమ్మరసంలో పంచదార పడింది. అయిదో రోజు గ్లాసు పక్కన రెండు గాతో పిమాలు కూడా వచ్చాయి. (పప్పు నూరి, మిరపకాయ వేసి ఎంకన్నకు ఇష్టమైనట్టు వేయించినవి. రాకుమారుడికి వీటిని పెట్టిన దాఖలా లేదు.) కోట సందర్శకులు మళ్లీ మళ్లీ వస్తున్నారని రోజర్ పై అధికారులకు గర్వంగా నివేదిక పంపాడు.

పదకొండో తారీఖున సావిత్రి ట్రే మీద గ్లాసు పక్కన మడత పెట్టిన కాగితం కనిపించింది. విచారణ వాళ్లు ఆమెకూ ఫారం పంపారన్నమాట. ఎంకన్న గ్లాసు తీసుకోలేదు. తిన్నగా నడిచి, తాడు దాటి, రాకుమారుడి కుర్చీలో కూర్చున్నాడు. జీనెట్ ఈ సందర్భానికి వర్తించే రూలు పుస్తకం కోసం బస్సు దగ్గరికి పరుగెత్తింది.

కుర్చీకి ప్రమాదం వచ్చింది. సావిత్రి ఇప్పుడు ఎంతైనా మాట్లాడవచ్చు.

"కాయితం మీద నా పేరు రాసినావంట" అంది.

"రాశాను."

"ఆ మొదటి కాయితం మీదే రాసుంటే ఏం పోయేది?"

"సిగ్గుమాలిన పని చేశాను సావిత్రీ."

"చేసినావు. మూడు రోజులు నిన్ను చంపేద్దునా అనిపించింది." కాగితం విప్పి చూపించింది. "ఇప్పుడు నన్నడుగుతన్నారు. ఈ మనిషి నీకు తెలుసా అని."

"ఏం రాస్తావు?"

"తెలుసంటే నీ చదువు పోద్ది. తెలీదని రాస్తా."

ఎంకన్న కాగితం అందుకోబోతే సావిత్రి ఇవ్వకుండా మడత పెట్టేసింది.

"ఆ పాటల్లో ఏముందో పిల్లలకి చెప్పేవోడు ఊళ్లో ఒక్కడైనా ఉండాల గదా. పో. పోయి నేర్చుకు రా."

"మరి నాకు ఎదురొస్తావా?"

"తెలీని మనిషికి ఎదురెలా వస్తారయ్యా?" అంది సావిత్రి. ఈలోగా జీనెట్ పుస్తకంతో రొప్పుతూ వచ్చింది. సావిత్రి ట్రే సర్దుకుని, ఆ కుర్చీలో కూర్చోకండి అంది.

పన్నెండో తారీఖున దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. జెండా మారింది, పాట మారింది. మర్యాద విభాగం కూడా రాత్రికి రాత్రే మారిపోయింది: బోర్డు మీద 'రాజకోట' కొట్టేసి 'జాతీయ కోట' అని రాశారు. మొస్యే రోజర్ టోపీకి కొత్త బిళ్ల వచ్చింది. ఆ ఉత్సాహంలో విచారణ కూడా ముగించాడు. సావిత్రి అనే స్థానికురాలు ఈ ప్రయాణికుడు తనకు తెలియదని రాసి ఇచ్చినందున, పెళ్లి జరగలేదనీ, ఎంకన్న యథాప్రకారం అవివాహితుడేననీ, అతనికి ఈ దేశంలో తెలిసినవారెవరూ లేరనీ స్వతంత్ర మారిషస్ తరఫున ధ్రువీకరించాడు. అదే ఆ విభాగం కొత్త దేశంలో జారీ చేసిన మొదటి పత్రం.

పదమూడున సాయంత్రం విమానం. అది వచ్చేసరికి ఎనిమిది గంటలు దాటుతాయి కనక, పొద్దున్న చివరిసారి కోటను చూపించారు. ఆ రోజు నిమ్మరసం ట్రే పట్టుకున్నది ఇంకెవరో. ఎంకన్న గ్లాసు ముట్టుకోకుండా వచ్చి బస్సులో కూర్చున్నాడు. బస్సు గేటు దగ్గరికి వచ్చింది.

సావిత్రి పెళ్లినాటి చీర కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, నిండు ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, రోడ్డు మధ్యలో బస్సుకు ఎదురుగా నడిచి వచ్చింది. డ్రైవరు ఆపేశాడు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. తెలియని మనుషుల వైపు చూస్తే బాగుండదు కదా. బిందె అంచు మీంచి నీళ్లు తొణికి చీర తడుస్తున్నా, తొందరపడకుండా నడిచి, ఎంకన్న కిటికీ పక్కనుంచి వెళ్లిపోయింది. ఎంకన్న కూర్చున్నచోటే చేతులు జోడించాడు.

జీనెట్ గొంతు సవరించుకుంది. బస్సులో ఉన్నది ఒక్క ప్రయాణికుడే అయినా డ్యూటీ డ్యూటీయే.

"ఇది స్థానికుల ఆచారం" అని వివరించింది. "ఇక్కడి ఆడవాళ్లు అప్పుడప్పుడు ఇలా నీళ్లు పట్టుకుని బస్సుల ముందు నడుస్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు." తరవాత నోటు పుస్తకం తీసి, మర్యాదగా అడిగింది. "మీ దేశంలో ఇలాంటివి ఉన్నాయా?"

ఎంకన్న కళ్లు తుడుచుకున్నాడు.

"లేవండీ" అన్నాడు.

జీనెట్ అది కూడా రాసుకుంది.