ఊఁ కొట్టే దెయ్యం

గుండె గట్టిపడాలంటే పొద్దున్నే పరుగులు అక్కర్లేదు, పథ్యాలు అసలే అక్కర్లేదు. ఫోన్లో నాలుగు లైన్ల దెయ్యం కథలు రోజుకో పాతిక చదివితే చాలు! నేను రెండేళ్లుగా ఈ మందు మీదే ఉన్నాను.

నవలలు చదివే ఓపిక ఎవరికుందండీ? రెండొందల పేజీలు తిప్పితే గానీ శవం దొరకదు. ఇక్కడ మొదటి లైన్లో తలుపు చప్పుడు, రెండో లైన్లో "ఎవరూ?", మూడో లైన్లో "నేనే" అని జవాబు, నాలుగో లైన్లో ఆ నేనే పోయి పదేళ్లయిందన్న కబురు. టీ చల్లారేలోపు పని పూర్తి. కొన్నిట్లో నవ్వు కూడా ఉచితం. శవపేటికల షాపులో "సైజు సరిపోకపోతే మీరే స్వయంగా వచ్చి మార్చుకోవచ్చు" అని బోర్డు ఉందట. అది చదివి బస్సులో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. పక్కసీటు ఆయన లేచి వెళ్లిపోయాడు. కాళ్లు చాపుకున్నాను. ఇది లాభం కాదా?

మొన్న పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని, ఫోన్ పైకెత్తి, పళ్లు కొరుక్కుతినే పిశాచి కథ చదివాను. మిషను రొద జోలపాటలా ఉంది. కాకపోతే ఆఖరి లైన్ దగ్గర ఠక్కున నోరు మూసేశాను. డాక్టరుగారి వేలు ఇప్పుడు బాగానే ఉందట.

నా ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదులు వినడం. ఓ పెద్దాయన లిఫ్టులో ఇరుక్కుని ఫోన్ చేశాడు.

"లోపల మీతో ఇంకెవరున్నారు సార్?"

"ఎవరూ లేరయ్యా, నేనొక్కణ్ణే."

"బాగా చూసి చెప్పండి."

ఆ పెద్దాయన ఆ రోజు నుంచి ఆరంతస్తులూ మెట్లెక్కే వెళ్తున్నాడు. ఆయన మోకాళ్లకి నేను చేసిన సేవ మామూలుది కాదు!

ఇంట్లో శాంతి కూడా ఈ కథల పుణ్యమే. మా ఆవిడ సైన్సు టీచరు. సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఏవో చెబుతుంది. నేను సోఫాలో కథ చదువుకుంటూనే "ఊఁ" అంటాను. చెప్పేవాళ్లకి ఊఁ కొట్టడం మర్యాద కదా! రెండేళ్లలో మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు. నేను దేనికీ "ఊహూఁ" అనలేదు మరి.

పోయిన వారం ఓ కథ తగిలింది. రాసినవాళ్ల పేరు లేదు.

"మా సోఫాలో ఒకటి కూర్చుంటుంది. దాని ముఖం మీద నీలం వెలుగు. ఏం చెప్పినా ఊఁ అంటుంది. నిన్న, నేను చచ్చిపోయి మూడు రోజులైందని చెప్పాను. ఊఁ అంది."

నవ్వి నవ్వి పొట్ట చెక్కలైంది. మూడు నవ్వు బొమ్మలు, ఒక పుర్రె పెట్టి, "ఆ ఇల్లాలెవరో గానీ, ముందు ఆ దెయ్యాన్ని వదిలించుకోవాలి" అని కామెంటు రాశాను. వెంటనే దానికి లైకు పడింది. పక్క గదిలో ఎవరో చిన్నగా నవ్వారు.

వెళ్లి చూస్తే మా ఆవిడ. మంచం మీద ఫోను, పక్కన తెరిచిన సూట్‌కేసు.

"బట్టలెందుకు సర్దుతున్నావ్?"

"ప్రమోషన్ వచ్చిందిగా. వేరే ఊళ్లో సోమవారం చేరాలి. వెళ్లనా అని మూడు రోజులు వరసగా అడిగాను. మూడు రోజులూ ఊఁ అన్నారు."

"అది ఆ ఊఁ కాదే, ఊరికే కొట్టిన ఊఁ!"

"రెండూ ఒకలాగే వినపడతాయండీ. వద్దంటారేమో, కనీసం ఏ ఊరని అడుగుతారేమో అని చూశాను."

సోమవారం వెళ్లిపోయింది. ఇప్పుడు ఇల్లు మహా ప్రశాంతంగా ఉంది, దెయ్యం కథ తెరవాలంటే భయమేస్తోంది. రోజూ సాయంత్రం నేనే ఫోన్ చేసి లిఫ్టుల సంగతులు, పాలు పొంగిన సంగతి, తను లేకపోతే ఏమీ తోచని సంగతి పూసగుచ్చినట్టు చెబుతాను. అవతల నుంచి "ఊఁ" అని వినిపిస్తుంది. గట్టిపడిందన్న గుండె అక్కడ జారిపోతోంది.

సరే, నా గోల వదిలేయండి. ఇది చదువుతూ మధ్యలో మీరు ఎవరికో "ఊఁ" అన్నారు. వాళ్లేం అడిగారో వెళ్లి కనుక్కోండి.