ఒక పాదం వదలాల్సింది

ఆ ఆదివారం ఆథోల్ పెట్టుకున్న పని ఒక్కటే: నోరీన్‌కు కుందేలు కూర వండిపెట్టడం.

కాలు విరిగి చలికాలమంతా అతను మంచం పట్టినప్పుడు, పక్క పొలం నోరీన్ తన గొర్రెలతో పాటు అతని గొర్రెలకూ మేత వేసింది. రోజూ గిన్నెడు సూప్ తెచ్చి, "తాగకపోతే ఆ రెండో కాలు నేను విరగ్గొడతా" అని బెదిరించి మరీ తాగించింది. ఆ రుణం తీరేది కాదని ఆథోల్‌కు తెలుసు. కనీసం థాంక్స్ చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వానల సంగతే బయటికొచ్చేది. "మా అమ్మ పోయాక మళ్లీ కుందేలు తినలేదు" అని ఆమె ఎప్పుడో అన్న మాట గుర్తుంది. నోటితో కానిది గిన్నెతో చెబుదామనుకుని, ఏం వండుతున్నాడో చెప్పకుండా రాత్రి భోజనానికి పిలిచాడు.

తెల్లవారగానే వాగు గట్టున రెండు కుందేళ్లను కొట్టాడు. పొట్ట చీరి, తోలును చొక్కా విప్పినట్టు లాగేశాడు. ఆస్ట్రేలియాలో ఈ విమ్మెరా వైపు పాతకాలం వాళ్లు వెనక పాదం ఒకటి బొచ్చుతోనే వదిలేస్తారు. అది కుందేలే, పిల్లి కాదని తినేవాళ్లకు ధైర్యం. ఆడమనిషికి పెట్టే విందులో బొచ్చేమిటని ఆథోల్ పాదాలన్నీ నరికేశాడు. తోళ్లూ తలలూ పాదాలూ నిమ్మచెట్టు కింద పాతిపెట్టి, మాంసాన్ని బట్టలుతికే గది తొట్టిలో ఉప్పునీళ్లలో వేశాడు. సాయంత్రానికి నెత్తురంతా నీళ్లలోకి దిగిపోయి మాంసం తెల్లబడుతుంది.

అంతలో నోరీన్ బండి చప్పుడైంది. ఆథోల్ పరుగున వెళ్లి ఆ గది తలుపు మూసేశాడు.

"మా మేజర్ కనబడట్లేదు, చూశావా?" అంది ఆమె. భర్త పోయాక ఆమెకు ఇంట్లో తోడు ఆ ఎర్రపిల్లి ఒక్కటే.

"ఏ పిల్లి?"

"ఏళ్ల తరబడి నీ గడపలో పడుకునే పిల్లి."

"ఓ, అదా. చూళ్లేదు."

"చొక్కా మీద ఆ నెత్తురేంటి?"

"గడ్డం గీసుకుంటే తెగింది."

గుండెల దాకా దిగిన అతని గడ్డాన్ని నోరీన్ కాసేపు చూసింది. తర్వాత నిమ్మచెట్టు కింద కొత్తమట్టిని చూసింది. "అదేంటి?"

"ఎరువు."

ఆమె బండెక్కి వెళ్లిపోయింది.

ఆ వెనకే నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చిన నేస్తం కీత్, కిటికీలోంచి తొట్టిలోకి తొంగిచూశాడు.

"పాదం వదల్లేదేంట్రా?"

"నోరీన్‌కి. శుభ్రంగా ఉండాలని."

"శుభ్రంగానే ఉన్నాయి. ఏ జంతువో తెలీనంత శుభ్రంగా."

కీత్ ఇంటికి దారి నోరీన్ గేటు ముందునుంచే. ఆమె పిల్లి సంగతి అడగ్గానే అతనికి హాస్యం పుట్టుకొచ్చింది. "ఆథోల్ తొట్టిలో రెండున్నాయి. ఒకటి మేజర్ అనుకున్నా, రెండోది ఎవరిదో మరి" అని పగలబడి నవ్వాడు. నోరీన్ నవ్వలేదు.

మధ్యాహ్నానికి ఆమె పార పట్టుకుని దిగింది. "తొట్టిలో ఏముందో చెప్పు."

"కుందేళ్లు. నీకోసమే."

"అయితే పాదం చూపించు."

తవ్వడానికి నిమ్మచెట్టు దగ్గర ఏమీ మిగల్లేదు. ఆథోల్ కుక్క వాళ్లకంటే ముందే తవ్వి, అంతా తినేసి నీడన పడుకుని ఉంది. గుంటలో ఉన్నది చిటికెడు ఎర్రబొచ్చు. కుందేలుకు మెడ వెనక ఎర్రగానే ఉంటుంది, కానీ ఆ మాట ఇప్పుడు చెప్పుకునేదెలా? నోరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవి చూసి ఆథోల్‌కు మొదటిసారి వాన గుర్తు రాలేదు. "ఈ చలికాలం నేను బతికానంటే నీ చలవే. నీ పిల్లి మీద చెయ్యేస్తానా నోరీన్? థాంక్స్ చెప్పడం చేతకాకే ఈ వంట పెట్టుకున్నా."

ఆమె ఏదో అనబోతుండగా బట్టలుతికే గదిలో డబ్బా దొర్లిన చప్పుడైంది. ఇద్దరూ వెళ్లి తలుపు తీశారు. పొద్దున నెత్తురు వాసనకు లోపల దూరిన మేజర్ తొట్టి అంచున కూర్చుని ఉన్నాడు. తెలీక ఆథోలే వాడిని లోపల పెట్టి తలుపేశాడు. రెండు కుందేళ్లలోనూ వాడు ముట్టని తొడ లేదు.

నోరీన్ వాడిని ఎత్తుకుని, ఏడుస్తూనే నవ్వింది. "ఉప్పు సరిపోయిందట్రా మేజర్?" అని, నేరుగా వంటింట్లోకి నడిచింది. "గుడ్లున్నాయా? ఇద్దరికీ వేస్తాను."

"విందు నేను కదా పెట్టాల్సింది."

"నువ్వు చెప్పాల్సింది చెప్పావు, కూర్చో. వచ్చే ఆదివారం మాత్రం ఒక పాదం ఉంచు."

బయట చాన్నాళ్ల తర్వాత వాన మొదలైంది. దాని గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు.