ప్రతి ఇంటికీ ఒక నకిలీ కత్తి

ప్రతి ఇంట్లోనూ ఒక నకిలీ కత్తి ఉండి తీరాలని నా స్థిరమైన అభిప్రాయం. రైస్ కుక్కర్ లేకపోతే పక్క వీధిలో భోజనశాల ఉంది. గొడుగు లేకపోతే తడుస్తాం, ఆరతాం. కానీ దొంగ సంతకం చెక్కిన పాత కత్తి ఒక్కటైనా లేని ఇల్లు ఇల్లేనా? అరవై ఐదేళ్ళు నిండిన ప్రతి మగవాడికీ పింఛను పుస్తకంతో పాటు ఒకటి ఇవ్వాలని ప్రభుత్వం వారికి మనవి చేస్తున్నాను.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మాది యోషీ నది ఒడ్డున ఓసాఫునె. వందల ఏళ్ళ కిందట దేశంలో సగం కత్తులు ఇక్కడివాళ్ళే చేశారని మేం చెప్పుకుంటాం. నేను మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళు మునిసిపాలిటీలో నీటి గొట్టాలు చూసుకున్నాను. నా భార్య సుమీయే చనిపోయిన ఏడాదికి మా డాక్టరు నా రక్తపోటు చూసి, "ఉరగామి గారూ, ఏదో ఒక హాబీ పెట్టుకోండి" అన్నాడు. నేను బాగా ఆలోచించాను. పాటలు పాడితే పక్కింటివాళ్ళకి బాధ. నూడుల్స్ చేస్తే తినవలసిన వాళ్ళకి బాధ. పాత కత్తి అయితే ఒరలో పడుకుని ఉంటుంది. ఎవరికి బాధ?

కాబట్టి ఇకొమా అనే వ్యాపారి దగ్గర ఒక పొట్టి కత్తి కొన్నాను. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. "దీని తోక మీద ఫలానా మహా కమ్మరి పేరుందండీ" అన్నాడు. ఉంది. ఆ కమ్మరే చెక్కాడని ఆయన అనలేదే? అంత నిజాయితీపరుణ్ణి నేను మునిసిపాలిటీలో కూడా చూడలేదు.

దానికో రిజిస్ట్రేషన్ కార్డు కూడా ఇచ్చారు. మా దగ్గర కత్తులు విద్యాశాఖ కిందికి వస్తాయి. పిల్లల్నీ కత్తుల్నీ ఒకే ఆఫీసు చూసుకుంటుంది. కార్డు మీద కత్తి పొడవు, వంపు, తోకకు ఎన్ని చిల్లులు, అన్నీ రాసి ఉన్నాయి. నా గురించి ఇన్ని వివరాలు ఏ ఆఫీసులోనూ లేవు.

తోక అంటే పిడి లోపల దాగి ఉండే భాగం. కమ్మరి తన పేరు అక్కడే చెక్కుతాడు. వెదురు మేకు ఊడదీసి, పిడి లాగితే తప్ప ఎవరికీ కనిపించదు. నేను మేకు తీశాను. లోపల తోక నల్లగా, తుప్పు పట్టి, చూడ్డానికే అవమానంగా ఉంది.

ఒక సంగతి మీకు చెప్పాలి. భార్య పోయిన మగవాళ్ళు రెండు రకాలు. ఇల్లు వదిలేసేవాళ్ళు, ఇల్లు తోమేవాళ్ళు. నేను రెండో రకం. కెటిల్ తోమాను, సింక్ తోమాను, గుమ్మం ముందు రాళ్ళు కూడా తోమాను. తోకను మాత్రం వదులుతానా? కొబ్బరి పీచు బ్రష్, సింక్ పౌడరు తీసుకుని ఒక ఆదివారం పొద్దున్నంతా కూర్చుని తళతళలాడించాను.

ఆ తర్వాత శనివారం మా ఊరి కత్తుల పరిశీలన సంఘానికి దాన్ని తీసుకెళ్ళాను. సంఘంలో నాతో కలిపి ఏడుగురు. సంఘానికి పెద్ద నంబా గారు, పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పిడి లాగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఎంత శుభ్రంగా ఉందో" అన్నారు నంబా గారు చివరికి.

"పొద్దున్నంతా కష్టపడ్డానండీ" అన్నాను వినయంగా.

బస్సు డ్రైవరుగా రిటైరయిన హినాసె గారికి మర్యాదలు తెలియవు. "ఏమయ్యా ఉరగామీ, తోక మీద తుప్పే కదయ్యా కత్తి వయసు! ఆరొందల ఏళ్ళు ఒక పూటలో కడిగేశావు. ఈ లెక్కన నిన్నగాక మొన్న పుట్టిన కత్తి ఇది" అన్నాడు.

నంబా గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తుప్పు పోవడం వల్ల ఉలి గీతలు స్పష్టంగా కనిపించాయిట. ఆ మహా కమ్మరి ఉలి ఎడమ నుంచి నడిచేదట, ఇది కుడి నుంచి నడిచిందట. సంతకం దొంగది. కత్తి కూడా చాలా తర్వాతిది.

అందరూ నన్ను జాలిగా చూశారు. నాకు మాత్రం గుండె తేలికపడింది. ఆలోచించండి! అదే అసలు కత్తి అయి ఉంటే? ఆరు వందల ఏళ్ళుగా యుద్ధాలూ, భూకంపాలూ, మంటలూ దాటుకొచ్చి, ఒక నీటి గొట్టాల గుమాస్తా సింక్ పౌడరుకు బలయ్యేది. కొత్తగా చేరినవాడి చేతినుంచి అసలు కత్తులను కాపాడేది నకిలీ కత్తే. అది సైనికుడి లాంటిది. ముందు నిలబడి దెబ్బ తింటుంది.

ఇక రెండో మేలు, మౌనం. కత్తి చూసేటప్పుడు మాట్లాడకూడదు, తుంపర పడితే తుప్పు పడుతుంది. పాతకాలం పద్ధతిగా పళ్ళ మధ్య మడత కాగితం పెట్టుకుంటారు. సుమీయే చెల్లెలు ఫుజియే రెండు వీధుల అవతల ఉంటుంది, ప్రతి గురువారం వచ్చి నా వంటను పరీక్షిస్తుంది. ఆమె రాగానే నేను కాగితం పళ్ళ మధ్య పెట్టుకుని కత్తి తీసేవాణ్ణి. పావుగంట ప్రశాంతం. ఒకసారి అదే సమయానికి పేపరు చందా కోసం ఒకాయన వచ్చాడు. నోట్లో కాగితం ఉంది కనుక వద్దని చెప్పలేకపోయాను. ఇప్పుడు మా ఇంటికి ఒక చేపల వ్యాపార పత్రిక వస్తోంది. చదువుతున్నాను. బాగుంది.

మూడోది చీటీల పద్ధతి. సంఘంలో నెలకోసారి తోకకు గుడ్డ చుట్టి ఒక కత్తి ముందు పెడతారు. చూసి, ఎవరు చేశారో ఊహించి చీటీ మీద రాసి ఇవ్వాలి. నంబా గారు ఎర్ర పెన్సిలుతో తీర్పు రాస్తారు. కుదిరితే "తగిలింది." దగ్గరికొస్తే "దారి అదే." కాకపోతే "ఊరు తప్పు," "కాలం తప్పు." ఏదీ కాకపోతే వట్టి "కాదు." నాకు ఎప్పుడూ "కాదు" వచ్చేది. కానీ ఈ వయసులో మన అభిప్రాయాన్ని చేతిరాతతో అడిగి తీసుకుని, శ్రద్ధగా చదివి కాదనేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఫుజియే ఈ పద్ధతి విని మహా సంతోషించింది. ఆ గురువారం నుంచి నా మిసో సూప్‌కి కూడా తీర్పులు మొదలయ్యాయి. "కాలం తప్పు బావగారూ. ఇది నిన్నటిది."

ఇంతవరకూ అంతా మంచే. చిక్కు ఒక్కటే వచ్చింది, అది తవుడు జాడీతో.

సుమీయే వస్తువులు ఇంట్లో చాలా ఉన్నాయి. వాటిలో ఇంకా బతికి ఉన్నది ఈ జాడీ ఒక్కటే. పెళ్ళైన ఏడాది ఉప్పూ తవుడూ కలిపి పులియబెట్టింది. అందులో దోసకాయ, ముల్లంగి, వంకాయ పూడ్చిపెడితే మర్నాటికి ఊరుతాయి. రోజూ చేత్తో అడుగుదాకా కలపాలి. నాలుగు రోజులు మానేస్తే చచ్చిపోతుంది. ఆమె పోయిన మర్నాటి నుంచి నేను కలుపుతున్నాను. భయంభయంగా, పైపైన.

తవుడు వాసన చేతిని వదలదు. ఒక శనివారం నంబా గారు కత్తి అందిస్తూ ఆగిపోయారు. "ఉరగామి గారూ, ఏమీ అనుకోకండి. ఈ గదిలో ఎక్కడో ముల్లంగి ఉంది."

"నా చెయ్యండీ" అన్నాను.

తవుడో, కత్తో తేల్చుకోమన్నారు చాలా మృదువుగా. సగం తవుడు ఒక డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారానికి ఒకసారి కలిపితే చాలునని ఎవరో చెప్పారు. ఇంటికొచ్చి జాడీ ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాను. అడుగున వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. తీస్తే గుండ్రటి ఇనప బిళ్ళ, మధ్యలో చిల్లు. డబ్బా సంగతి అక్కడితో మర్చిపోయాను.

ఆ గురువారం ఫుజియేకి చూపించాను. "అయ్యో, దాన్నెందుకు తీశారు? అది అక్క వేసింది. ఇనుముంటే వంకాయ రంగు నిలుస్తుంది. అందరూ మేకులు వేస్తారు. అక్కకి తాతగారి పెట్టెలో ఇది దొరికింది" అంది.

అది కత్తికీ పిడికీ మధ్య చేతికి అడ్డంగా ఉండే బిళ్ళ. త్సుబా అంటారు. ఇనుములో రెండు ముల్లంగులు చెక్కి ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, నా నకిలీ కత్తే లేకపోతే నేనేం చేసేవాణ్ణి? సింక్ పౌడరు తెచ్చేవాణ్ణి. ఆ పాఠం అయిపోయింది కనుక, మెత్తటి గుడ్డతో మాత్రం తుడిచి సంఘానికి తీసుకెళ్ళాను.

నంబా గారు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. వెనక్కి వచ్చినప్పుడు ఆయన గొంతు మారింది. "ఈ నలుపు చూశారా? తడి నీడలాగా లేదూ? తరతరాలు భక్తితో కాపాడితే తప్ప ఈ రంగు రాదు. ఎవరి సంగ్రహంలోది?"

"మా ఆవిడదండీ."

"ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"వాళ్ళమ్మ దగ్గర."

ఆయన గౌరవంగా తల వంచారు. అసలైన పొట్టి కత్తి ఒకటి, కాగితాలతో సహా ఇస్తాను, దీన్ని నాకివ్వండి అన్నారు. లేదంటే పౌలోనియా చెక్కతో పెట్టె చేయించి, మూత మీద తానే స్వయంగా రాసి, శరత్కాలం ప్రదర్శనలో పెడతానన్నారు. నేను ఆశపడ్డాను. అసలు కత్తి! నా చీటీకి జీవితంలో ఒక "తగిలింది." ఆలోచించి చెబుతానని, పెట్టె కొలతల కోసం బిళ్ళను ఆయన దగ్గరే ఉంచి వచ్చాను.

మూడు వారాల్లో జాడీలో వంకాయలు మునిసిపాలిటీ గొట్టాల రంగులోకి దిగాయి.

"బావగారూ, ఇది వంకాయా, వానలో తడిసిన చెప్పా?" అంది ఫుజియే. ఒక ముక్క కొరికి, పళ్ళెం పక్కన పెట్టింది. ఆ రోజు ఏ తీర్పూ చెప్పలేదు. చెప్పులేసుకుంటూ మాత్రం, "అక్క వంకాయ నీలం ఇంక చూడనేమో" అని తలుపుతో అన్నట్టుగా అంది.

మర్నాడు నంబా గారింటికి వెళ్ళాను. పెట్టె సిద్ధంగా ఉంది. మూత మీద ఏం రాస్తారని అడిగాను.

"ఉరగామి వారి సంగ్రహం అని రాస్తాను."

"నేనేం సంగ్రహించలేదండీ. వంకాయలు తిన్నాను, అంతే. సుమీయే, తవుడు జాడీ, నలభై ఒక్క ఏళ్ళు. అలా రాయండి."

అప్పుడు సంగతంతా చెప్పవలసి వచ్చింది. నంబా గారు గోడకి చేరబడ్డారు. "ఉప్పులోనా? తవుడులోనా?"

"అక్కడే కదండీ ఈ రంగు వచ్చింది."

"పెట్టె మూత మీద కూరగాయల సంగతి రాసే ఆచారం మన దేశంలో లేదు ఉరగామి గారూ."

"అయితే బిళ్ళ ఇచ్చెయ్యండి. జాడీ మీద ఏ ఆచారమూ లేదు."

ఆ సాయంత్రమే దాన్ని మళ్ళీ అడుగున పెట్టాను. ఈసారి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి కలిపాను.

సంఘం వాళ్ళు ఆ బిళ్ళను వదలలేకపోయారు. ఎంతైనా వాళ్ళకది వ్యసనం. సెప్టెంబరులో ఆరుగురూ మా వంటింటికే వచ్చారు. జాడీ చుట్టూ నిలబడి, అలవాటుగా పళ్ళ మధ్య కాగితాలు పెట్టుకున్నారు. అందువల్ల వాసన గురించి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

"బిళ్ళ తర్వాత చూద్దురుగాని. ముందు చీటీలు వెయ్యండి" అంది ఫుజియే. మూడు పళ్ళాల్లో మూడు రకాల వంకాయ ముక్కలు పెట్టింది. చేతిలో ఎర్ర పెన్సిలు.

పెద్దమనుషులు కాగితాలు తీసి, కళ్ళు మూసుకుని నమిలారు, వెలుతురుకి పట్టి చూశారు, చీటీలు రాశారు. మూడో పళ్ళానికి హినాసె "సూపర్ మార్కెట్" అని రాశాడు. తగిలింది. అతను పెళ్ళి చేసుకోలేదు. రెండో పళ్ళానికి నంబా గారు చాలాసేపు ఆలోచించి, "పేరులేని పని, మారుమూల పల్లె, చివరి కాలం" అని రాశారు.

ఫుజియే ఆ చీటీ రెండుసార్లు చదివింది. "నంబా గారూ, ఇది మీ ఆవిడ యసుకో గారు నిన్న పంపారు. నలభై ఆరేళ్ళుగా మీ ఇంట్లో ఉన్న జాడీలోదేనట."

నంబా గారు చీటీని చక్కగా నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నారు.

మొదటి పళ్ళెంలో ముక్కలు ముదురు నీలంగా మెరుస్తున్నాయి. నేను తడుముకోకుండా "సుమీయే" అని రాసిచ్చాను. ఫుజియే పెన్సిలు ఎత్తింది, ఆగింది, ముక్కు తుడుచుకుంది. తర్వాత రాసింది: "దారి అదే."

"జాడీ అక్కది, బిళ్ళ అక్కది" అంది. "అక్క పోయి రెండేళ్ళయింది బావగారూ. ఈ చెయ్యి మీది."

కత్తుల సంఘంలో చేరిన తర్వాత "కాదు" కానిది నాకు రావడం అదే మొదలు. ఆ చీటీ జాడీ మూతకు అంటించాను. పెట్టె మీద రాతకంటే బాగుంది.

నలభై ఒక్క ఏళ్ళు ప్రతి వేసవిలోనూ సుమీయే ఆ నీలం వంకాయలు నా ముందు పెట్టింది. నేను పేపరు చదువుతూ తిన్నాను. ఎవరి పని, ఏ చెయ్యి, ఆ రంగు ఎలా వచ్చిందని ఒక్క చీటీ కూడా వేయలేదు. ఆమె ఎర్ర పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చునే ఉండి ఉంటుంది.

కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవిలో ఒక చిన్న సవరణ. నకిలీ కత్తి అరవై ఐదో ఏట ఇస్తే ఆలస్యం. పెళ్ళి రోజునే ఇచ్చెయ్యండి.